అచ్చుగది: నీలి పురుగు, గడియారం, ఇంకా కొందరు ముసుగు వీరులు

ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ప్రశ్నలు వేరు. వెయ్యి ప్రతులు వేయిస్తే ఎంతవుతుంది, పాత పుస్తకాలకు చెద పట్టకుండా ఏం చేయాలి, అచ్చుతప్పులకు బాధ్యత ఎవరిది (రచయితది కాదు, కంపోజిటర్‌ది కాదు, ప్రూఫు చూసినవాడిది, అంటే ముప్పై తొమ్మిదేళ్ల పాటు నాది). గత నెల మాటవరసకు సూపర్‌మ్యాన్ కాలం నాటి అమెరికన్ బొమ్మల పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి మీదే. కాగితం ధరల వారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: ముసుగు వీరుల్లో మొదటివాడు సూపర్‌మ్యాన్ అని మా మనవడు, కాదని నేను. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. తీర్పు చెప్పండి.
— విశ్రాంత ఉపాధ్యాయులు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, ముందు మీ మనవడిని ఒక్క మాట అడగండి: సూపర్‌మ్యాన్‌కు ముసుగు ఎక్కడుంది? కళ్లజోడు తీసేస్తే అతనే, పెట్టుకుంటే క్లార్క్ కెంట్. కాబట్టి ముసుగు మాటకు వస్తే మీరే గెలిచారు.

సూపర్‌మ్యాన్ వచ్చింది 1938 జూన్ తేదీ వేసిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో. అంతకు ఏడాదిన్నర ముందే, 1936 నవంబరులో, జార్జ్ బ్రెనర్ గీసిన 'ది క్లాక్' వచ్చాడు. అదే నెలలో రెండు వేర్వేరు పుస్తకాల్లో కనబడ్డాడు. పేరుకు గడియారమే గానీ ఒంటి మీద గడియారం బొమ్మ ఉండదు. పెళ్లి విందుకు బయల్దేరినట్టు శుభ్రమైన సూటు, ముఖమంతా కప్పే నల్లగుడ్డ. దొంగలను పట్టించి, గంట కొట్టిందని రాసిన చీటీ ఒకటి వదిలిపెట్టి వెళ్లిపోతాడు. ఎగరడు, గోడలు పగలగొట్టడు. అయినా పత్రికల్లోని బొమ్మల వరసలను లెక్కలోకి తీసుకోకుండా, కేవలం కామిక్ పుస్తకాల కోసమే పుట్టిన వారిలో మొట్టమొదటి ముసుగు వీరుడిగా అభిమానులు ఇతనికే పీట వేస్తారు. 1944 దాకా వచ్చాడు.

అయితే మీ మనవడు తెలివైనవాడైతే ఇంతటితో ఒప్పుకోడు. పత్రికల్లో రోజూ వచ్చే బొమ్మల వరసలో ఫాంటమ్ 1936 ఫిబ్రవరిలోనే మొదలయ్యాడు కదా అంటాడు. నిజమే. డాక్టర్ అకల్ట్ 1935లోనే వచ్చాడంటాడు. అదీ నిజమే. ఆ డాక్టర్‌ను తయారు చేసింది సూపర్‌మ్యాన్ సృష్టికర్తలైన జెర్రీ సీగెల్, జో షుస్టరే. తమ పేర్లలోని అక్షరాలను అటూ ఇటూ మార్చి 'లెజర్, ర్యూట్స్' అని సంతకం పెట్టుకున్నారు. 1936లో కొన్ని సంచికల్లో ఈ డాక్టర్ ఎర్ర అంగవస్త్రం కట్టుకుని గాలిలోకి లేచాడు కూడా. సూపర్‌మ్యాన్‌కు చిత్తుప్రతి అనుకోండి.

ఇక జపాన్ మాట ఎత్తితే ఇద్దరూ ఓడిపోతారు. అక్కడ సైకిలు మీద చెక్కపెట్టె పెట్టుకుని వీధుల్లో తిరిగే కథకులుండేవారు. పిల్లలకు మిఠాయిలు అమ్మి, పెట్టెలో బొమ్మల అట్టలు ఒకటొకటిగా లాగుతూ కథ చెప్పేవారు. చేర్యాల పటం విప్పి కథ చెప్పేవారిని చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ అట్టల మీద 1930ల తొలినాళ్లలోనే 'ఓగొన్ బ్యాట్' ఉన్నాడు. బంగారు రంగు పుర్రె ముఖం, వీపున అంగవస్త్రం, ఆకాశంలో ఎగరడం, అన్నీ ఉన్నాయి.

అందుకే 'మొదటివాడు ఎవరు' అంటే ముందు 'దేనిలో మొదటివాడు' అని అడగాలి. ఇంకో చిక్కు. అట్ట మీద తేదీ అచ్చయిన తేదీ కాదు. మన వారపత్రిక వచ్చే వారం తేదీతో ఈ వారమే దుకాణంలో వేలాడినట్టు, ఈ పుస్తకాలు అట్ట మీది నెలకు సుమారు రెండు నెలల ముందే అమ్మకానికి వచ్చేవి. అట్ట తేదీ చూసి పందెం కాస్తే డబ్బు పోతుంది.

*

ప్రశ్న: గత నెల మీరు 'అమేజింగ్‌మ్యాన్ కామిక్స్ మొదటి నాలుగు సంచికలు ఎక్కడా దొరకడం లేదు' అని రాశారు. అవి దొరకవు. ఎందుకంటే అచ్చే కాలేదు. తెలియకపోతే అడగాలి గానీ ఊహించి రాయకూడదు.
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: తల వంచుకున్నాను. బిల్ ఎవరెట్ గీసిన అమేజింగ్‌మ్యాన్ 1939 సెప్టెంబరు తేదీతో వచ్చిన అయిదో సంచికలోనే పుట్టాడు. ఆ పుస్తకానికి అదే తొలి సంచిక. ఒకటి నుంచి నాలుగు దాకా లేనే లేవు. అయిదు అంకె చూడగానే 'ముందు నాలుగు పోయి ఉంటాయి' అని నా అంతట నేనే లెక్క కట్టాను. ప్రెస్సులో ఉండగా ఎవరైనా ఇలాంటి పని చేస్తే నేనే అరిచేవాడిని.

అంకె చూసి మోసపోయే పుస్తకం ఇదొక్కటే కాదని మాత్రం ఊరట. కెప్టెన్ మార్వెల్ పుట్టిన విజ్ కామిక్స్ కూడా దుకాణాల్లోకి రెండో సంచికగానే వచ్చింది, 1940 ఫిబ్రవరి తేదీతో. దానికి మొదటి సంచిక ఉంది గానీ అమ్మడానికి కాదు. పేరు మీద హక్కు సంపాదించడానికి నలుపు తెలుపుల్లో వేసుకున్న కొద్ది ప్రతులు అవి. వాటిలో ఆ వీరుడి పేరు కెప్టెన్ థండర్. మళ్లీ చదివి చూసుకున్నాను, ఈ పేరాలో ఊహ లేదు.

*

ప్రశ్న: న్యాయశాస్త్రం చదువుతున్నాను. ఒక్క సంచికతోనే కోర్టుకెక్కి చనిపోయిన సూపర్‌హీరో ఉన్నాడట. నిజమేనా?
— విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: నిజమేనమ్మా. పేరు వండర్‌మ్యాన్. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది మీదే. అందుకే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

ముందు డబ్బు సంగతి. సూపర్‌మ్యాన్ మొదటి కథ పదమూడు పేజీలు, పేజీకి పది డాలర్ల చొప్పున 130 డాలర్లు. దానితో పాటే ఆ వీరుడి మీద హక్కులన్నీ ప్రచురణకర్తలకు వెళ్లిపోయాయి. పాత పనుల బాకీలతో కలిపి సీగెల్, షుస్టర్‌లకు ఇచ్చిన 412 డాలర్ల చెక్కు ఇంకా ఉంది. దాని మీద పేర్ల స్పెల్లింగులు కూడా తప్పే. ఆ చెక్కు ముక్కే 2012లో వేలంలో లక్షా అరవై వేల డాలర్లకు పోయింది.

పది సెంట్ల పుస్తకం వేడి అప్పడాల్లా అమ్ముడుపోతుంటే పక్కవాళ్లు ఊరుకుంటారా? విక్టర్ ఫాక్స్ అనే ప్రచురణకర్త తనకూ ఒక సూపర్‌మ్యాన్ కావాలన్నాడు. గీసింది విల్ ఐస్నర్. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. 1939 మే తేదీతో వండర్ కామిక్స్ మొదటి సంచిక వచ్చింది. టిబెట్‌లో ఒక వృద్ధుడు ఇచ్చిన ఉంగరంతో కథానాయకుడికి అమిత బలం వస్తుంది. గుండు తగిలినా ఏమీ కాదు, ఎంత ఎత్తయినా దూకుతాడు. సూపర్‌మ్యాన్ ప్రచురణకర్తలు వెంటనే కోర్టుకు వెళ్లారు. రెండో సంచికలో వండర్‌మ్యాన్ లేడు. 1940లో పై కోర్టు కూడా ఫాక్స్‌కు వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. తీర్పు రాసిన అగస్టస్ హ్యాండ్ చెప్పిన దాని సారాంశం ఇది: మహాబలశాలి అనే ఊహ మీద ఎవరికీ హక్కు లేదు, కానీ ఆ ఊహకు ఒకరు దిద్దిన రూపురేఖలను, సంఘటనలను ఎత్తి తన పుస్తకంలో పెట్టుకునే హక్కు ఇంకొకరికి లేదు. భీముడి బలం ఎవరి సొత్తూ కాదు. అంతమాత్రాన ఒకరు రాసిన భీముడి కథను పేరు మార్చి అచ్చువేసుకోకూడదు. మీ పాఠాల్లో ఇది ఎలాగూ వస్తుంది.

అసలు కథ దీని తర్వాత ఉంది. ఐస్నర్ తర్వాతి కాలంలో చాలా పెద్ద కళాకారుడయ్యారు. ఫాక్స్ తనను అబద్ధం చెప్పమన్నాడనీ, తాను మాత్రం బోనులో నిలబడి 'సూపర్‌మ్యాన్ లాంటివాణ్ణి గీయమని ఫాక్సే చెప్పాడు' అని నిజం చెప్పాననీ ఆయన చెప్పుకుంటూ వచ్చారు. దాన్ని బొమ్మల కథగా కూడా గీశారు. దశాబ్దాల పాటు అందరూ నమ్మారు, నేనూ నమ్మాను. యజమాని ఎదుట నిలబడి నిజం చెప్పిన కుర్రవాడు! ప్రెస్సులో పనిచేసిన ఎవడికైనా ఒళ్లు పులకరిస్తుంది.

2010లో కెన్ క్వాట్రో అనే కామిక్స్ పరిశోధకుడు ఆ విచారణ వాంగ్మూలాల ప్రతిని సంపాదించి అందరి ముందూ పెట్టారు. అందులో ఐస్నర్ చెప్పింది సరిగ్గా దానికి తిరగబడిన మాట. సూపర్‌మ్యాన్‌ను చూసి చేయలేదనే ఆయన సాక్ష్యమిచ్చారు.

ఐస్నర్ అప్పటికి పోయి అయిదేళ్లయింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఇరవై రెండేళ్ల వయసు, జీతాలు ఇవ్వాల్సిన స్టూడియో, పని ఇచ్చేది ఫాక్స్. తర్వాత యాభై ఏళ్లు తలచుకుని తలచుకుని, ఆ రోజు ఏం చెప్పి ఉండాల్సిందో అదే చెప్పానని నమ్మి ఉంటారు. అది నా అభిప్రాయం మాత్రమే, సాక్ష్యం కాదు. మీరు వకీలయ్యాక ఈ తేడా మరచిపోకండి.

*

ప్రశ్న: తాతగారూ, అందరికంటే పిచ్చి సూపర్‌హీరో ఎవరు?
— తొమ్మిదో తరగతి, ఒంగోలు

జవాబు: పోటీ గట్టిదే నాయనా. ఒక వీరుడికి ఒళ్లే లేదు. గాలిలో తేలే పెద్ద కన్ను మాత్రమే, పేరు కూడా 'ది ఐ'. ఇంకొకడు నడుము పైన మనిషి, కింద గుర్రం. మేడమ్ ఫేటల్ అనే ఆవిడ చేతికర్ర పట్టుకున్న ముసలమ్మ, కానీ ఒక్క తన్ను తంతే దొంగలు చిత్తు. నిజానికి ఆవిడ వేషం మార్చుకున్న ఒక నటుడు. మన ఊళ్లలో స్త్రీ పాత్రలు వేసిన నాటకాల వారిని చూసిన వారికి ఇదేమంత వింత కాదు.

నా ఓటు మాత్రం స్టార్‌డస్ట్‌కే. 1939 డిసెంబరు తేదీ వేసిన ఫాంటాస్టిక్ కామిక్స్‌లో మొదలయ్యాడు. గీసింది ఫ్లెచర్ హాంక్స్. కథ, బొమ్మ, సిరా, బుడగల్లోని అక్షరాలు, అన్నీ తానొక్కడే చేసుకునేవాడు. స్టార్‌డస్ట్ మెడ మహావృక్షంలా ఉంటుంది, తల దాని మీద చిన్న కుండ బోర్లించినట్టు. అంతరిక్షంలో కూర్చుని భూమ్మీద ఎవరేం కుట్ర పన్నుతున్నారో కనిపెడతాడు. మిగతా వీరులు దొంగను పోలీసులకు అప్పగిస్తే, ఇతను తానే శిక్ష వేస్తాడు. ఆ శిక్షలు గరుడపురాణంలో రాసుకోదగినవి. ఒక దుర్మార్గుడిని ఒళ్లంతా మాయం చేసి తల మాత్రం మిగిల్చి, అంతరిక్షంలో తల లేకుండా తిరిగే ఒక రాక్షసుడి మీదికి విసురుతాడు. ఆ తల రాక్షసుడి ఒంట్లోకి ఇంకిపోతుంది. ఇదంతా పది సెంట్లకు చిన్నపిల్లలు కొనుక్కున్న పుస్తకంలో!

ఇక్కడి నుంచి మీ నాన్నగారు చదివితే బాగుంటుంది. హాంక్స్ 1939 నుంచి 1941 దాకా యాభై పైచిలుకు కథలు గీసి మాయమైపోయాడు. ఎవరో, ఎక్కడివాడో దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. పాల్ కరాసిక్ అనే చిత్రకారుడు పట్టుబట్టి వెతికితే ఫ్లెచర్ హాంక్స్ అనే పెద్దాయన ఒకరు దొరికారు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన విమానాల పైలట్. ఈయనే చిత్రకారుడు అనుకుని వెళ్తే, ఈయన అదే పేరున్న కొడుకు. తండ్రి తాగుడుకు బానిసై, ఇంట్లో అందరినీ కొట్టి, చివరికి భార్యాబిడ్డలను వదిలేసి వెళ్లిపోయిన మనిషి అని ఆయన చెప్పారు. 1976లో న్యూయార్క్‌లో ఒక పార్కు బల్ల మీద చలికి బిగుసుకుపోయి చనిపోయి కనబడ్డాడట. కరాసిక్ ఆ కథలన్నీ పోగుచేసి 2007 నుంచి పుస్తకాలుగా తెచ్చారు. నేను రెండోసారి చదివినప్పుడు ఆ శిక్షల బొమ్మల దగ్గర నవ్వు రాలేదు.

*

ప్రశ్న: మీ జాబితాలో అందరూ మగవాళ్లేనా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చెంపలు వేసుకుంటున్నాను. ఇప్పుడు చెప్పిన హాంక్స్‌దే ఫాంటోమా ఉంది, 1940 ఫిబ్రవరి. అడవిని కాపాడే అందగత్తె. కోపం వస్తే ముఖం నీలి పుర్రెగా మారుతుంది, జుట్టు మాత్రం చెదరదు. 1941 ఏప్రిల్‌లో పత్రికల్లో మొదలైన మిస్ ఫ్యూరీని గీసింది స్త్రీ, టార్పే మిల్స్. అసలు పేరు జూన్. పేరు చూసి ఆడమనిషి అని తెలియకూడదని ఆ 'జూన్' తీసేసుకున్నారు.

నాకు ఇష్టమైనది కెనడా అమ్మాయి నెల్వానా. 1940 డిసెంబరులో కెనడా ప్రభుత్వం యుద్ధం కోసం విదేశీ మారకాన్ని ఆదా చేయాలని అమెరికా బొమ్మల పుస్తకాల దిగుమతి ఆపేసింది. పిల్లలు అల్లాడారు. టొరంటో కళాకారులు తామే వేసుకుందాం అనుకున్నారు. రంగులకు డబ్బు లేదు, అందుకని అట్టకే రంగు, లోపలంతా నలుపు తెలుపు. అభిమానులు ఇప్పటికీ వాటిని 'కెనడా తెల్ల పుస్తకాలు' అంటారు. ఆర్కిటిక్ వెళ్లివచ్చిన చిత్రకారుడు ఫ్రాంజ్ జాన్‌స్టన్ తెచ్చిన ఒక కథను అల్లుకుని ఏడ్రియన్ డింగిల్ నెల్వానాను గీశారు. తండ్రి ఉత్తర ధ్రువకాంతుల రాజు, తల్లి మామూలు మనిషి. 1941 ఆగస్టు తేదీతో వచ్చింది. వండర్ ఉమన్ అంతకు కొన్ని నెలల తర్వాత.

యుద్ధం అయిపోయింది, రంగుల అమెరికా పుస్తకాలు తిరిగొచ్చాయి, నెల్వానాను అందరూ మరచిపోయారు. హోప్ నికల్సన్, రేచల్ రిచీ అనే ఇద్దరు అమ్మాయిలు 2013లో అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి, అరుదైన ప్రతులన్నీ వెతికి మొత్తం కథలను ఒక పుస్తకంగా వేయించారు. నలుపు ఒక్కటే వాడి మంచు మీద వెలుగును చూపించడం ఎంత కష్టమో బొమ్మల అచ్చుకు బ్లాకులు చేయించినవాడిగా నాకు తెలుసు. డింగిల్ ఆకాశాలు చూడండి.

*

ప్రశ్న: తెల్లవాళ్లు కాని వీరులు ఆ రోజుల్లో ఉన్నారా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలా తక్కువ. ఉన్నవాళ్లలో ఎక్కువ మంది పక్కన నిలబడి నవ్వించే పాత్రలు, ఆ బొమ్మలు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇద్దరిని చెబుతాను.

గ్రీన్ టర్టిల్ 1944 జూన్‌లో వచ్చాడు. గీసింది చూ హింగ్, చైనా సంతతి అమెరికన్. వీరుడు చైనాలో జపాన్ సేనలతో పోరాడతాడు. విచిత్రం ఏమిటంటే ముఖం మనకు కనబడదు. ఎప్పుడూ వెనక నుంచే, లేకపోతే చెయ్యి అడ్డం, అంగవస్త్రం అడ్డం, ఎవరో ఒకరి భుజం అడ్డం. వీరుడిని చైనీయుడిగా చూపించడానికి ప్రచురణకర్త ఒప్పుకోలేదనీ, అందుకే చూ హింగ్ ముఖమే చూపించలేదనీ అభిమానులు చెప్పుకుంటారు. కాగితం మీద రుజువు లేదు. కానీ పుస్తకం మొత్తం తిరగేస్తే ఒక మనిషి ఎంత మొండిగా గీశాడో మాత్రం తెలుస్తుంది. ఆ ముఖాన్ని చివరికి 2014లో జీన్ లుయెన్ యాంగ్, సానీ ల్యూ తమ పుస్తకంలో చూపించారు. చైనా అమెరికన్ కుర్రవాడి ముఖం.

రెండోవాడు లయన్ మ్యాన్. ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవన్స్ అనే నల్లజాతి పత్రికా రచయిత, 1947 జూన్‌లో నల్లజాతి కళాకారులే రాసి గీసిన పుస్తకం తెచ్చారు. లయన్ మ్యాన్ అందులోవాడే. అందరివీ పది సెంట్లయితే ఆయనది పదిహేను. రెండో సంచికకు బొమ్మలు సిద్ధమయ్యాయి, కాగితం దొరకలేదు. అమ్మే వ్యాపారులు ఆయనకు న్యూస్‌ప్రింటు ఇవ్వలేదు. ఒక్క సంచికతోనే ఆగిపోయింది. న్యూస్‌ప్రింటు కోటాల కాలంలో పనిచేసినవాణ్ణి, ఒక పత్రికను చంపాలంటే దాన్ని నిషేధించనక్కరలేదని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

*

ప్రశ్న: ఈ పుస్తకాల్లో చాలావాటికి గీసినవాళ్ల పేర్లే ఉండవు కదా. ఫలానావారు గీశారని ఎనభై ఏళ్ల తర్వాత ఎలా చెబుతున్నారు? నాకైతే ఇదంతా ఊహాగానం అనిపిస్తుంది.
— ఇంజనీరు, డాలస్

జవాబు: చెవులు చూసి.

నిజమే చెబుతున్నాను. ఆ రోజుల్లో ప్రచురణకర్తలు కథలను స్టూడియోల దగ్గర కొనేవారు. ఒకే గదిలో వరుసగా బల్లలు, ఒకరు పెన్సిలు గీస్తే ఒకరు సిరా దిద్దుతారు, ఇంకొకరు అక్షరాలు, మరొకరు వెనక భవనాలు. పేరు పెడితే అది కూడా స్టూడియో సృష్టించిన దొంగపేరు. అలాంటప్పుడు సంతకం దేనికి పనికొస్తుంది? కానీ ఎవడు ఏ స్టూడియోలో ఎంత తొందరలో గీసినా చెవి మెలిక, చొక్కా ముడత, పిడికిలిలో బొటనవేలు ఉండే చోటు మారవు. దస్తూరి లాంటిది. సంతకం ఉన్న పనితో పక్కన పెట్టి పోల్చుతారు. ఒకరు 'ఫలానావారు' అంటారు, ఇంకొకరు 'కాదు, మోకాళ్లు చూడండి' అంటారు.

ఇది ఊహాగానంగా మిగిలిపోకుండా చేసినవారు డెట్రాయిట్ ప్రొఫెసర్ జెర్రీ బెయిల్స్. ఆయన 1961లో అభిమానుల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. అచ్చుకు డబ్బు లేక, ఊదారంగు అక్షరాలు పడే స్పిరిట్ డూప్లికేటర్ మీద తీశారు. మన సైక్లోస్టైల్‌కు దగ్గరి చుట్టం. తర్వాత హేమ్స్ వేర్‌తో కలిసి బతికున్న చిత్రకారులకూ రచయితలకూ ప్రశ్నపత్రాలు పంపి, 'మీరు ఏమేం చేశారు' అని అడిగి, 1973 నుంచి 1976 వరకు నాలుగు సంపుటాల జాబితా వేశారు. చాలామంది ముసలివాళ్లకు తమ పని ఒకరికి గుర్తుందని తెలిసింది ఆ ఉత్తరంతోనేనేమో. 1994లో మొదలైన గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ ఆ దారినే నడుస్తోంది. అక్కడ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టే మర్యాద ఉంది. నాకు అన్నింటికంటే నచ్చినది ఆ ప్రశ్నార్థకమే. గత నెల నేను పెట్టకపోతే ఏమైందో పైన చూశారు.

అచ్చుపని తెలిసినవారికి ఇంకో రకం సాక్ష్యం దొరుకుతుంది. ఒకటి చెబుతాను. సబ్‌మెరినర్ అనే సముద్రపు వీరుడు 1939 అక్టోబరు నాటి మార్వెల్ కామిక్స్ మొదటి సంచికలో పుట్టాడని అందరూ అనుకునేవారు. 1974లో, చనిపోయిన ఒక ప్రచురణకర్త సామానులో సినిమాహాళ్లలో పంచడానికని తయారుచేసిన ఒక చిన్న పుస్తకం ప్రతులు కొన్ని బయటపడ్డాయి. అదే కథ అందులో ఎనిమిది పేజీలుగా ఉంది. ఎనిమిదో పేజీ చివర ఒక చిన్న గడిలో 'తరువాయి వచ్చే వారం' అని ఉంది. మార్వెల్ పుస్తకంలో కథ పన్నెండు పేజీలకు పెరిగింది, కానీ ఎనిమిదో పేజీ చివర ఆ గడి అలాగే ఉంది. అక్షరాలు మాత్రం లేవు, ఖాళీ. ముప్పై అయిదేళ్ల పాటు ఆ ఖాళీ గడి అందరి కళ్ల ముందే ఉంది. మేకప్‌లో, అంటే పేజీ కూర్చే పనిలో, ఒక గడి ఊరికే ఖాళీగా ఉండదు బాబూ. ఎవడో ఏదో తీసేస్తేనే ఉంటుంది.

మన దగ్గరా ఇది జరిగిందే. చందమామ ధారావాహికలకు రచయిత పేరు వేసేవారు కాదు. 'తోకచుక్క', 'మకరదేవత' రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని ఎంతమంది పిల్లలకు తెలుసు? ఆ పిల్లలే పెద్దయ్యాక పాత సంచికలు వెతికి, పేరు పట్టుకుని, ఇంటింటా చెప్పారు.

*

ప్రశ్న: ఇవన్నీ చదవాలంటే వేలకు వేలు పోసి కొనాలా?
— పాఠకురాలు, కర్నూలు

జవాబు: అక్కరలేదమ్మా. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కు ఇరవై ఎనిమిదేళ్లు, ఆ తర్వాత దరఖాస్తు పెట్టి పొడిగించుకోవాలి. ఈ చిన్న ప్రచురణ సంస్థల్లో చాలా వరకు అప్పటికే మూతపడ్డాయి. దరఖాస్తు పెట్టేవాడు లేడు. దాంతో ఈ వీరుల్లో ఎక్కువమంది అక్కడ ఎవరి సొత్తూ కాకుండా పోయారు. అందుకే అభిమానులు తమ దగ్గరున్న ప్రతులను పేజీ పేజీ స్కాన్ చేసి డిజిటల్ కామిక్ మ్యూజియం వంటి చోట్ల ఉచితంగా పెట్టగలిగారు. సూపర్‌మ్యాన్‌కు ఆ అదృష్టం లేదు, ఆయనకు యజమాని ఉన్నాడు.

*

ప్రశ్న: తెలుగు ప్రెస్సులో పనిచేసిన మీకు ఈ అమెరికా పిచ్చి ఎలా పట్టింది?
— పాఠకుడు, తెనాలి

జవాబు: మా మేనమామ ఖరగ్‌పూర్ రైల్వేలో ఫిట్టరు. అక్కడ మనవాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. 1944లో ఆ చుట్టుపక్కల అమెరికా వైమానిక స్థావరాలుండేవి. ఒక సైనికుడు రైల్లో వదిలేసిన బొమ్మల పుస్తకాన్ని మామయ్య ఇంటికి తెచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత, నా ఎనిమిదో ఏట, అది ఆయన ట్రంకుపెట్టెలో నాకు దొరికింది. అట్ట లేదు. చివరి పదహారు పేజీలు, అంటే మా భాషలో ఒక ఫారం, లేవు. పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరక దిగింది.

అందులో నీలం రంగు గొలుసుకవచం తొడుక్కున్న మనిషి ఉన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు. మామయ్య కొడుకు కష్టపడి కూడబలుక్కుని 'నీలి పేడపురుగు' అని చెప్పాడు. అతనే బ్లూ బీటిల్, 1939 ఆగస్టులో పుట్టిన ఫాక్స్ వీరుడు. అవును, వండర్‌మ్యాన్ కేసులో ఓడిన ఫాక్సే. ఈ నీలి పురుగుకు బలం ఉంగరంతో రాదు, 'విటమిన్ 2ఎక్స్' అనే మందుతో వస్తుంది. మందుల దుకాణంలో ఉండే ఒక ముసలాయన ఇస్తాడు. ఆ బొమ్మ చూసి నేను మా అమ్మ దాచుకున్న ఎర్ర టానిక్కు సీసా సగం తాగేశాను. తర్వాత జరిగింది ఈ పత్రికలో రాయదగినది కాదు.

ప్రెస్సులో చేరాక ఆ పేజీలను నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను. రంగు చుక్కలు భూతద్దంలో చూసేవాడిని, నీలం బ్లాకు ఎప్పుడూ వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉండేది. 2016లో మా అబ్బాయి దగ్గరికి ఒహాయో వెళ్లినప్పుడు క్లీవ్‌లాండ్‌లో షుస్టర్ ఇల్లుండిన చోటు చూపించాడు. ఇల్లు లేదు. కంచెకు సూపర్‌మ్యాన్ మొదటి కథ పేజీలను పెద్ద పలకలుగా చేసి బిగించారు. నేను ఆ పలకల మీద రంగులు కుదిరాయా లేదా అని చూస్తూ నిలబడితే వాడు నవ్వాడు.

నా దగ్గరున్న కథ ఒక రేవులో ఆగిపోతుంది. నీలి దుస్తుల మనిషి ఓడ తాడు పట్టుకుని వేలాడుతుంటాడు, పైన ఒకడు కత్తితో తాడు కోస్తుంటాడు, తర్వాత పేజీ లేదు. స్కాన్లు ఒకటొకటిగా చూస్తున్నాను. ఈలోగా ఖరగ్‌పూర్‌లో ఉండి వచ్చిన కుటుంబాల వారికి ఒక మనవి. ఆ సైనికుడు ఒక్క పుస్తకమే వదిలి ఉండడు. ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి తెరవండి. అట్ట లేని పేజీలు కనబడితే పారేయకుండా, పేజీ అంకెలు రాసి ఈ శీర్షికకు పంపండి. నాకు కావలసింది 49 నుంచి 64 దాకా.